నీలం రంగు సంగతి

తెర మీద ఈ బొమ్మ చూడండి. కటి భాగాన్ని అడ్డంగా కోసినట్టు తీసిన సీటీ స్కాన్ ఇది. మధ్యలో ఎర్రగా ఉన్నచోట గర్భాశయ ముఖద్వార క్యాన్సర్, దాని పక్క లింఫు గ్రంథులు ఉన్నాయి. పూర్తి మోతాదు రేడియేషన్ అక్కడికే వెళుతుంది. చుట్టూ పసుపు, ఆకుపచ్చ, అంచుల్లో నీలం. మోతాదు ఆ వరుసలోనే తగ్గుతూ పోతుంది. అందరి కళ్లూ ఎరుపు మీదికే పోతాయి. నేను మాట్లాడబోయేది నీలం గురించి.

నేను డాక్టర్ని కాను. రేడియేషన్ విభాగంలో ఫిజిసిస్టుని. ఎక్కడ ఎంత మోతాదు కావాలో డాక్టర్ గారు చెబితే, కిరణాలు ఏ వైపు నుంచి ఎలా రావాలో కంప్యూటర్లో లెక్క కట్టడం నా పని. ఒక రోజు వరండాలో ఒకావిడ కొడుకు నన్ను ఆపాడు. తల్లికి నాలుగో వారం నడుస్తోంది. "సార్, కరెంటు పెడుతున్నది పొత్తికడుపు కింద కదా, రక్తంలో కౌంట్ ఎందుకు పడిపోయింది? ఈ వారం మందు ఎక్కించలేదు" అన్నాడు. మనవాళ్లు రేడియేషన్‌ను కరెంటు అనే అంటారు. నిజానికి అవి ఎక్స్‌రే కిరణాలు. దిద్దడం నేను ఎప్పుడో మానేశాను.

మాంసం కూరలో మూలుగ ఎముకను చప్పరించినవాళ్లకు సగం జవాబు తెలిసినట్టే. ఆ మూలుగే మజ్జ. రక్తకణాలు పుట్టేది అందులోనే. పసిపిల్లల్లో దాదాపు అన్ని ఎముకల్లోనూ ఎర్ర మజ్జ ఉంటుంది. వయసు పెరిగేకొద్దీ కాళ్లు, చేతుల ఎముకల్లో అది చాలావరకు కొవ్వుగా మారిపోతుంది. పెద్దవాళ్లలో పనిచేసే మజ్జ దాదాపు సగం కటి ఎముకల్లో, వెన్ను అడుగున ఉండే త్రికాస్థిలో, నడుము కింది వెన్నుపూసల్లో, తొడ ఎముకల పైభాగంలో మిగులుతుంది. నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడండి. అరచేతికి గట్టిగా తగిలే అంచు ఉంది కదా, మజ్జ పరీక్షకు సూది గుచ్చేది ఆ ఎముక వెనక భాగంలోనే. మా కిరణాలు రోజూ ఆ ఎముకలను దాటుకునే లోపలికి వెళతాయి.

పైగా మందు కూడా ఉంది. 1999 నుంచి ఈ క్యాన్సర్‌కు రేడియేషన్‌తో పాటు వారం వారం సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించడం ప్రామాణిక వైద్యమైంది. అదీ మజ్జనే దెబ్బతీస్తుంది. ఎర్రకణం 120 రోజులు బతుకుతుంది కాబట్టి ఆ లోటు వెంటనే బయటపడదు. తెల్లకణాల్లో ఇన్ఫెక్షన్లతో పోరాడే న్యూట్రోఫిల్స్ ఆయుష్షు చాలా తక్కువ, అందుకే వాటి కౌంట్ ముందే పడిపోతుంది. ఈ దశలో జ్వరం 100.4 డిగ్రీలు దాటితే మాత్ర వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. బొప్పాయి ఆకు రసం గురించి కూడా అడుగుతుంటారు. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దనే చెబుతాను.

ఇక నీలం. కణితికి సాధారణంగా 25 విడతల్లో 45 గ్రే ఇస్తాం (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత). మజ్జకు అంత అక్కర్లేదు, 10, 20 గ్రేలే దాన్ని కుంగదీస్తాయి. అంటే తెర మీద చల్లగా, అమాయకంగా కనిపించే నీలమే మజ్జకు చేటు. పాత పద్ధతిలో నాలుగు వైపుల నుంచి కిరణాలు పంపేవారు. ఇప్పటి ఐఎమ్ఆర్‌టీ అనే పద్ధతి కిరణాల తీవ్రతను మారుస్తూ ఎన్నో కోణాల నుంచి పంపి ఎరుపును కణితి ఆకారానికి కుదిస్తుంది, కానీ నీలాన్ని చుట్టూ పరుస్తుంది. అవయవం గీత గీసి చూపిస్తేనే కంప్యూటర్ దాన్ని కాపాడుతుంది. మూత్రాశయం, పురీషనాళం, పేగులు ఎలాగూ గీస్తాం. మజ్జను గీయకపోతే, మోతాదును తీసుకెళ్లి అక్కడే పోస్తుంది. దానికి అది ఖాళీ స్థలం!

గీసి, హద్దు పెట్టాలి. 10 గ్రే లేదా అంతకు మించి అందుకునే మజ్జ 90 శాతం లోపు, 20 గ్రే లేదా అంతకు మించి అందుకునేది 75 శాతం లోపు ఉండేలా చూస్తారు. త్రికాస్థి గ్రంథులకు ఆనుకుని ఉంటుంది, దాన్ని పెద్దగా తప్పించలేం. తుంటి ఎముకల రెక్కలను చాలావరకు తప్పించవచ్చు. అక్కడ తగ్గించిన మోతాదు పేగు వైపు జరగకుండా చూడటమే అసలు తలనొప్పి. ఒక్కోసారి మజ్జను కొంత వదులుకుంటాం. కణితికి చేరాల్సిన మోతాదును మాత్రం తగ్గించం.

ఫలితం ఉంటుందా? 2017లో వచ్చిన ఇంటర్‌టెక్-2 పరీక్షలో 83 మంది ఉన్నారు. పెట్ స్కాన్‌తో చురుకైన మజ్జను గుర్తించి తప్పించినవారిలో న్యూట్రోఫిల్స్ తీవ్రంగా పడిపోయినది 9 శాతం లోపు. మామూలు ఐఎమ్ఆర్‌టీ చేయించుకున్నవారిలో 27 శాతం. అయితే ఇది చీటీలు వేసి రెండు జట్లుగా పంచి చేసిన పోలిక కాదు. ఆయుష్షు పెరిగిందని దీన్నిబట్టి చెప్పలేం. నా మటుకు నాకు, గీత గీయడానికి ఈ మాత్రం ఆధారం చాలు.

ఆ అబ్బాయి వెళ్లాక వాళ్లమ్మ ప్లాన్ తెరిచాను. మూత్రాశయం ఉంది, పేగులు ఉన్నాయి, తొడ ఎముకల తలలు కూడా ఉన్నాయి. మజ్జ గీత లేదు. ఆ ప్లాన్ నేను చేసిందే. మిగిలిన విడతలకు గీసి, డాక్టర్ గారికి చూపించి మార్చాం. తర్వాతి వారం కౌంట్ కాస్త లేచింది, ఆఖరి సిస్‌ప్లాటిన్ ఎక్కించారు. ఐదు అందాల్సినచోట ఆవిడకు నాలుగే అందాయి.