ఏ సగం నిజం?

శ్రోతలకు నమస్కారం.

"అడవి శాఖలో చేస్తావు కదా, పులిని ఎన్నిసార్లు చూసినవ్?" అని మహారాష్ట్రలోని మా సిరోంచ చుట్టాలు ప్రతి పెళ్లిలోనూ అడుగుతారు. ఒక్కసారే చూశాను. అదీ తాడోబా పులుల అడవిలో, అందరిలాగే టికెట్టు కొనుక్కుని. నా పని కాగితాలతో. వన్యప్రాణి విభాగానికీ శాసనసభకూ మధ్య తిరిగే మనిషిని నేను. ఎమ్మెల్యే ప్రశ్న వేస్తారు, మంత్రి జవాబు చెబుతారు. ఆ జవాబు చిత్తుప్రతి రాసి, దాని వెనకున్న ఫైలు ఒళ్లో పెట్టుకుని అధికారుల గ్యాలరీలో కూచునేవాళ్లలో నేనొకణ్ణి.

మహారాష్ట్ర శాసనసభ మామూలుగా ముంబయిలో జరుగుతుంది. చలికాలం సమావేశం మాత్రం నాగపూర్‌కు వస్తుంది. 1953 నాటి నాగపూర్ ఒప్పందంలో అలా రాసుకున్నారు. ఆ రోజుల్లో మాకు నిద్ర ఉండదు, టీకి లెక్క ఉండదు. సభలో 288 మంది ఉంటే మా గడ్చిరోలి జిల్లా నుంచి ముగ్గురే. అందుకే మా వైపు ప్రశ్న ఏదైనా వచ్చిందంటే ఆ కాగితం నా బల్ల మీదికి లాక్కుంటాను. మరాఠీలో అచ్చయిన మా తెలుగు ఊళ్ల పేర్లు చూసి కాసేపు నవ్వుకుంటాను కూడా.

అక్కడ ప్రశ్న అడిగే తీరు ఒకటుంది. "హే ఖరే ఆహే కాయ్?" అంటారు. ఇది నిజమేనా అని. జవాబు కూడా అదే తీరులో మొదలవుతుంది. నిజమే అనాలి, నిజం కాదు అనాలి, లేదా "అంశతః ఖరే ఆహే" అనాలి. అంటే కొంత నిజం. నాకిచ్చిన ఈ ఏడు నిమిషాల్లో ఆ "కొంత నిజం" గురించే చెబుతాను.

ఒక ఏడాది ఓ ప్రశ్న వచ్చింది. మహారాష్ట్రకూ తెలంగాణకూ మధ్య పారే ప్రాణహిత నది ఒడ్డున ఫలానా ఊళ్లో పులి ఎనిమిది పశువులను చంపింది, రైతులకు పరిహారం అందలేదు, ఇది నిజమేనా? నేను రిజిస్టరు తీశాను. కేసులు ఐదు. ఐదింటికీ డబ్బు జమ అయింది. ఇంకేం, "ఖరే నాహీ" అని రాసేశాను. నిజం కాదు. ఒక్క ముక్కలో తేలిపోయిందని సంబరపడ్డాను కూడా.

సాయంత్రం మా పై అధికారి పెన్సిల్ పట్టుకుని చదివారు. "ఎనిమిది అని అడిగారు, నువ్వు ఐదంటున్నావు. తక్కిన మూడూ ఏమయ్యాయి?"

"రికార్డులో లేవు మేడమ్."

"రికార్డులో లేకపోతే చావలేదనా? ఆ ఊళ్లో మాట్లాడేది మీ తెలుగే కదా. ఫోన్ చెయ్యి."

ఆ ఊళ్లో సిగ్నల్ దొరికేది ఒక్క చింతచెట్టు కిందే. రాత్రి ఎనిమిదింటికి ఎవరో ఒక ముసలాయన్ని అక్కడికి పిలుచుకొచ్చి ఫోన్ ఇచ్చారు. నాకు వరసకు ఏమీ కాడు, కానీ ఊరందరికీ తాతే. నేనూ తాతా అన్నాను.

"మూడు గొడ్లు పోయినయి బిడ్డా, అబద్ధమెందుకు చెప్త. రెండిటిని మేమే ఈడ్సుకపోయి వాగుల పారేసినం. ఇంట్ల పెండ్లుండె. వాసన రాదా మరి?"

"మూడోది?"

"అది నా కోడె. ఎండకాలం ఏట్ల నీళ్లేడుంటయి? గడ్డికోసమని అటు దాటింది. అటే కొట్టింది పులి. నేను పోయేసరికి ఎనకభాగమంత తిన్నది. మెడల గంట ఇప్పుకొని అచ్చిన."

ఎవరికి చెప్పావు తాతా అంటే, "మనోళ్లకు చెప్పిన, అటు మన జాగ కాదన్నరు. అటోళ్లకు చెప్పిన, నువ్వు మహారాష్ట్రోనివి అన్నరు" అన్నాడు. అని ఊరుకోలేదు. గంట జేబులోనే ఉందో ఏమో, ఫోన్ దగ్గర పెట్టి ఊపాడు. చెక్కగంట. టకటక, టకటక. నాగపూర్‌లో ట్యూబులైటు కింద కూచుని విన్నాను ఆ చప్పుడు.

"ఖరే నాహీ" కొట్టేసి "అంశతః ఖరే ఆహే" అని రాశాను. ఐదింటికి పరిహారం ఇచ్చాం, మూడింటికి పంచనామా లేదు. సభలో ఉపప్రశ్న రానే వచ్చింది, పంచనామా ఎందుకు లేదని. గ్యాలరీ నుంచి చీటీ పంపాను. "ఒకటి నది అవతల" అని మాత్రమే రాశాను. మంత్రిగారు చీటీ చూసి, పొరుగు రాష్ట్ర అధికారులకు లేఖ రాస్తామన్నారు. సభలో "చేస్తాం" అన్న మాట హామీ అవుతుంది. దాన్ని హామీల కమిటీ పట్టుకుంటుంది, కమిటీ కోసం మేం పట్టుకుంటాం. అంతా కలిపి నాలుగు నిమిషాలు పట్టి ఉంటుంది.

మర్నాడు తాతకు ఫోన్ చేశాను. "ఏమన్నరు బిడ్డా?"

"సగం నిజం అన్నారు తాతా."

"ఏ సగం?"

నా దగ్గర జవాబు లేదు. లేఖ వెళ్లింది. కానీ పంచనామా లేని కోడెకు ఎవరైనా ఏమని రాస్తారు? ఆ డబ్బు రాలేదు.

1972 వన్యప్రాణి చట్టం రెండు ఒడ్డులకూ ఒక్కటే. పులికీ రెండు ఒడ్డులూ ఒక్కటే. తాడోబా 1995లో పులుల అభయారణ్యం అయింది, అటు తెలంగాణలో కవ్వాల్ 2012లో అయింది. మధ్యలో పులులు రాకపోకలు సాగిస్తూనే ఉన్నాయి. నది దాటలేనిది మా రిజిస్టరొక్కటే. రెండు వైపుల గార్డులూ కలిసి ఒకే పంచనామా రాస్తే బాగుండునని నాకుంది. నా మాట ఎంతవరకు చెల్లుతుందో కూడా నాకు తెలుసనుకోండి.

అందుకని మీ చేతిలో ఉన్న పని ఒకటి చెబుతాను. పశువును పులి గానీ చిరుత గానీ చంపితే కళేబరాన్ని కదపకండి. పెండ్లున్నా సరే, పండగున్నా సరే, కదపకండి. ముందు బీట్ గార్డుకు చెప్పండి, పంచనామా రాయించండి, దాని నకలు అడిగి తీసుకోండి. పశువు ఎవరిదన్నది తర్వాతి మాట. అది పడి ఉన్న నేల ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రం సిబ్బందే పంచనామా చేయాలి. అటు ఒడ్డున చచ్చిందా, అటు గార్డుకే చెప్పండి. కాదంటే అదే మాట కాగితం మీద రాసిమ్మని అడగండి. ఫోన్లో ఫొటో తీసేటప్పుడు పశువునొక్కదాన్నే తీయకండి, పక్కనున్న చెట్టో బండో నది ఒడ్డో కనబడేలా తీయండి.

శివరాత్రి దాటితే ప్రాణహితలో నీళ్లు మోకాళ్ల కిందికి దిగుతాయి. గొడ్లు అటు దాటుతాయి. ఈలోపే రెండు ఒడ్డుల గార్డుల నంబర్లూ తీసుకుని కొట్టం గోడ మీద బొగ్గుతో రాసి పెట్టుకోండి. ఉంటాను.