కాళ్ళు బంగారం, తలే నిలబడదు: ఫ్రీగా వచ్చిన కార్బన్ ట్రైపాడ్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ ట్రైపాడ్ నేను కొన్నది కాదు. కంపెనీ వాళ్ళు ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు. వీడియో పెట్టేముందు ఒకసారి చూపించండి అన్నారు, కుదరదండీ అన్నాను, సరే అన్నారు. ఎందుకు సరే అన్నామా అని ఇప్పుడు అనుకుంటారేమో మరి.

స్పెసిఫికేషన్లు మీరు ఈపాటికి నాలుగైదు వీడియోల్లో చూసే ఉంటారు, నేను మళ్ళీ చదవను. కార్బన్ ఫైబర్, కిలోన్నర లోపు బరువు, మడిస్తే బ్యాగ్ పక్క జేబులో పట్టేస్తుంది, 12 కిలోలు మోస్తుందని డబ్బా మీద రాశారు. ఆ 12 కిలోల దగ్గరికి మళ్ళీ వద్దాం, దాని గురించే ఈ వీడియో.

దీనికి కింద కాళ్ళు, పైన కెమెరా బిగించే తల, అదే బాల్ హెడ్: బంతి మీద ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, నాబ్ తిప్పితే బిగుసుకుంటుంది. ముందు కాళ్ళ గురించి. నా మొదటి స్టాండ్ కోఠి గుజరాతీ గల్లీలో తొమ్మిది వందలకి కొన్న అల్యూమినియం ముక్క. దానికి క్లిప్ లాకులు. చలికాలం తెల్లారుజామున, చేతులు కొయ్యబారి ఉన్నప్పుడు ఆ క్లిప్ మధ్యలో బొటనవేలి చర్మం ఇరుక్కుంటే ఎలా ఉంటుందో పడ్డవాళ్ళకే తెలుసు. తర్వాత చాలాకాలం పెళ్ళి వీడియోలు తీసే మా బాబాయ్ పాత స్టాండ్ వాడాను, అది కదలదు నిజమే, కానీ దాన్ని మోసుకుని కొండెక్కితే మనమూ కదలం. దీనికేమో తిప్పే లాకులు. మూడు లాకుల్నీ ఒకే గుప్పిట్లో పట్టుకుని సగం చుట్టు తిప్పితే కాలు మొత్తం జారి కిందికి వచ్చేస్తుంది, ఇదిగో చూడండి, ఒకటి, రెండు, మూడు, అయిపోయింది. సూర్యలంక బీచ్‌లో ఉప్పునీళ్ళలో పెట్టి తీశా, అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా కాళ్ళ కింద ఇసుక జారి కొద్దికొద్దిగా దిగబడుతుంది, అది ఏ ట్రైపాడైనా అంతే. ఇంటికొచ్చి లాకులు విప్పి మంచినీళ్ళతో కడిగితే ఇసుకంతా పోయింది, మళ్ళీ కొత్తదానిలా తిరుగుతోంది. ఒక్క కరకర లేదు. కాళ్ళకి పదికి పది.

వీరాపురం కూడా పట్టుకెళ్ళా. తెలియనివాళ్ళకి, హిందూపురం వైపు చిలమత్తూరు మండలంలో ఊరది, ఊరి మధ్యలో చింతచెట్ల మీద ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కడతాయి. అందరూ సైబీరియా కొంగలు అంటారు గానీ సైబీరియాకీ వీటికీ ఏ సంబంధం లేదు, ఇవి మన దేశపు పక్షులే, ఈ మాట ఎక్కడ విన్నా నాకు ఒళ్ళు మండుతుంది, అది వేరే వీడియో. మధ్యాహ్నం ఎండకి తల్లి కొంగ గూటి మీద రెక్కలు గొడుగులా విప్పి నిలబడుతుంది, కింద పిల్లలు ఆ నీడలో నోళ్ళు తెరుచుకుని రొప్పుతుంటాయి. ఆ ఒక్క ఫోటో కోసం 400 మిల్లీమీటర్ల లెన్స్‌తో గంటన్నర నిలబడ్డా. ప్రతి రెండు నిమిషాలకీ గూడు ఫ్రేములో పైకి పోతోంది. నేను సర్దుతున్నా, అది మళ్ళీ పైకి పోతోంది. నేనే తగిలిస్తున్నానేమో అనుకున్నా. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ, "ఏం నాయనా, పక్షి కదలకుండా కూర్చుంటే నువ్వు కదుల్తున్నావేంది?" అంది. అప్పుడైనా నాకు బుర్ర వెలగాలి కదా. వెలగలేదు.

గండికోటలో వెలిగింది.

ఉగాది ముందు రోజు అమావాస్య కదా, నాలాంటివాళ్ళకి అది అసలు పండగ. చీకటి బాగుంటుంది. మా ఆవిడ ముందే చెప్పింది, పొద్దున పచ్చడి టైముకి ఇంట్లో లేకపోతే ఇక రావక్కర్లేదని. నేనూ మా బావమరిదీ బయల్దేరాం. గండికోట గురించి ఒక మాట, చాలామంది అక్కడ లోయ మీద పాలపుంత తీద్దామని వస్తారు. కుదరదు. కోట పెన్నకి దక్షిణపు ఒడ్డున ఉంది, లోయ మనకి ఉత్తరాన. పాలపుంత నడిబొడ్డేమో వృశ్చికం తోక పక్కన, మన పంచాంగం లెక్కలో చెప్పాలంటే మూల నక్షత్రం దగ్గర, అది ఆ రోజుల్లో అర్ధరాత్రి దాటాక ఆగ్నేయం నుంచి లేచి దక్షిణానికి వస్తుంది. అంటే లోయ మీ ముందు, పాలపుంత మీ వీపు వెనక. లోయ మీద తీయాల్సింది నక్షత్రాల చారలు. ధ్రువ నక్షత్రం మన అక్షాంశం ఎంతో అంతే ఎత్తులో ఉంటుంది, గండికోటలో దాదాపు 15 డిగ్రీలు, అంటే సరిగ్గా అవతలి గట్టు రాళ్ళకి కాస్త పైన. దాని చుట్టూ ఆకాశం మొత్తం గంటకి 15 డిగ్రీల చొప్పున తిరుగుతుంది. 30 సెకన్ల ఫోటోలు వరసగా 240 తీసి కంప్యూటర్‌లో ఒకదాని మీద ఒకటి పేరిస్తే రెండు గంటల చారలు, సప్తర్షులు పెద్ద విల్లులా వస్తారు. మధ్యలో కెమెరా వెంట్రుకవాసి కదిలినా అంతా వృథా. కాబట్టి అసలు పరీక్ష ఇదీ.

టెంట్లవాళ్ళ బ్లూటూత్ స్పీకర్లు, మొహం మీద పడే టార్చిలైట్లు, ఇవన్నీ దాటుకుని లోయ అంచున చోటు చూసుకున్నాం. గాలి బాగా ఉంది. బ్యాగ్‌ని మధ్య కొక్కేనికి తగిలించా, ఊగకుండా దాని అడుగు నేలకి ఆనేలా పెట్టా. నాబ్ బిగించా. నా కెమెరా, 16 మిల్లీమీటర్ల లెన్స్ రెండూ కలిపి కిలో ఉంటాయేమో, అంతే. షట్టర్ టైమర్ పెట్టి చాప మీద పడుకున్నాం. గంటయ్యాక మావాడు స్క్రీన్ చూసి, "బావా, మనకంటే ముందు నీ కెమెరా నిద్రపోతోంది, తల వాల్చేస్తోంది చూడు" అన్నాడు.

చూశా. మొదటి ఫోటోలో అవతలి గట్టు అంచు ఫ్రేము అడుగు నుంచి చిటికెనవేలి మందం పైన ఉంది. 120వ ఫోటోలో బొటనవేలి మందం పైన. తెర మీద పక్కపక్కన పెడుతున్నా, మీరే చూడండి. పేర్చిన ఫోటోలో కొండకి రెండు అంచులు, ధ్రువ నక్షత్రం చుక్కలా ఉండాల్సింది నిలువుగా గీత పడింది. ధ్రువుడు కదలడనే కదా ఆయనకి ఆ పేరు, ఈ బాల్ హెడ్ ఆయన్ని కూడా కదిలించింది.

ఇంటికొచ్చి, పచ్చడి టైముకే వచ్చాలెండి, మధ్యాహ్నం ఒక పరీక్ష పెట్టా. మన గోడ క్యాలెండర్‌లో తేదీలు పై నుంచి కిందికి ఉంటాయి కదా. 400 లెన్స్, దాని కాలర్‌తోనే, అంటే లెన్స్ మధ్యలో పట్టుకునే పట్టీతోనే బిగించా, ఎవరూ తప్పు పట్టకుండా. నాబ్ తిప్పి తిప్పి దాని గీతలు నా బొటనవేలి మీద అచ్చు పడ్డాయి. సరిగ్గా నల్ల చుక్క మధ్యలోకి వచ్చేలా పెట్టి, టీ పెట్టుకోవడానికి వెళ్ళా. తిరిగొచ్చేసరికి అమావాస్య పోయి పాడ్యమిలోకి వచ్చేసింది. మా ఆవిడ అప్పటికే నవ్వుతోంది.

కంపెనీకి మెయిల్ పెడితే "ఇంకాస్త బిగించి వాడండి" అన్నారు. ఇంకాస్త అంటే ఎంత? పట్టకారుతోనా? బంతి మీద గ్రీజు ఉంటే జారుతుందని ఎవరో అంటే తుడిచి కూడా చూశా, ఒక పూట బాగుంది, మళ్ళీ అదే. 12 కిలోలు ఎలా కొలిచారో డబ్బా మీద ఎక్కడా లేదు. కాళ్ళ మీద నిటారుగా 12 కిలోల బియ్యం బస్తా పెడితే మోస్తుందేమో, నాకు నమ్మకమే, కానీ నేను బియ్యం ఫోటోలు తీయను. కెమెరా ముందుకి వాలి ఉన్నప్పుడు, రెండు గంటలు, గాలిలో కదలకూడదు, నాకు కావాల్సింది అదొక్కటే.

దీంతో పాటు ఫోన్ హోల్డర్, చిన్న సంచి, రెంచీ ఇచ్చారు. ఉన్నాయి.

మరి కొనాలా వద్దా అంటే, పగటిపూట ల్యాండ్‌స్కేప్స్ మాత్రమే తీసేవాళ్ళకి ఈ జారుడు అసలు తెలియకపోవచ్చు, సెకనులో పని అయిపోతుంది కాబట్టి. రాత్రి ఆకాశం, పక్షులు తీసేవాళ్ళు ఈ సెట్ కొనొద్దు. కాళ్ళు విడిగా అమ్మితే కళ్ళు మూసుకుని కొనండి, అమ్మట్లేదు, అదే నా కోపం. నేనైతే తల విప్పేశా. కింద మామూలు 3/8 అంగుళాల స్క్రూ మరే ఉంది కాబట్టి మా బాబాయ్ పాత స్టాండ్ తల దీనికి బిగించా. చూడ్డానికి సన్నటి మనిషికి పెద్ద తలపాగా చుట్టినట్టుంది, రాత్రంతా డాబా మీద పెట్టి చూశా, ఇసుమంత కదల్లేదు.

ఏ బాల్ హెడ్ కొన్నా సరే, కొట్లోనే మీ కెమెరా, మీ లెన్స్ దానికి బిగించి, ముందుకి వాల్చి, ఎదురుగా ఏదో ఒక బోర్డు మీద అక్షరానికి గురిపెట్టి పది నిమిషాలు వదిలేయండి. కొట్టతను విసుక్కుంటాడు. ఈలోపు ఆయన్తో బేరమాడుతూ ఉండండి, టైము ఇట్టే గడిచిపోతుంది.