పైన ప్రార్థన గది, కింద పెద్దల గది: లల్లింగ్‌స్టోన్ రోమన్ ఇల్లు

నమస్కారమండీ. విల్లా అనగానే మనకు గేటెడ్ కమ్యూనిటీ, ముందు కారు, వెనక లాన్ గుర్తొస్తాయి. రోమన్లకు మాత్రం విల్లా అంటే పల్లెటూళ్లో పొలాల మధ్య ఉండే ఇల్లు. ఈరోజు మనం చూడబోయేది అలాంటి ఇల్లే. ఇంగ్లండ్‌లోని కెంట్‌లో, ఐన్స్‌ఫర్డ్ అనే ఊరి దగ్గర, డారెంట్ అనే చిన్న ఏటి ఒడ్డున ఉంది. పేరు లల్లింగ్‌స్టోన్.

పెద్ద కట్టడమేం కాదు. ససెక్స్‌లోని ఫిష్‌బోర్న్ ప్యాలెస్‌లో సుమారు 100 గదులు ఉండేవి. దాని పక్కన పెడితే ఇది మన ఊళ్లో మోతుబరి ఇల్లు లాంటిది. క్రీ.శ. 1వ శతాబ్దం చివర్లో కట్టారు. తర్వాత స్నానాల గదులు చేర్చారు, ధాన్యం కోసం పెద్ద గాదె కట్టారు. సుమారు 300 ఏళ్లు ఇక్కడ మనుషులు కాపురం ఉన్నారు. 1949 నుంచి 1961 దాకా తవ్వకాలు జరిగాయి.

నన్ను పట్టి ఆపేసింది ఈ ఇంటి కింద ఉన్న ఒక గది. కొండవాలు మీద కట్టిన ఇల్లు కాబట్టి ఒక పక్క గది నేలకంటే లోతుగా ఉంటుంది. అందులో మొదట జలదేవతలను కొలిచేవారు. గోడలో చేసిన గూట్లో ముగ్గురు దేవతల బొమ్మలు వేశారు. ఆ రంగుల్లో కొంత ఇప్పటికీ మిగిలే ఉంది. తర్వాత ఇదే గదిలో రెండు పాలరాతి విగ్రహాలు పెట్టారు. రెండూ తల నుంచి భుజాల దాకా చెక్కిన మగవాళ్ల రూపాలే. వాటి ముందు కుండలు పెట్టి నైవేద్యాలు ఇచ్చేవారు. మనం పెద్దలకు పెట్టుకుంటాం చూడండి, నాకు అదే గుర్తొచ్చింది.

ఇక 4వ శతాబ్దానికి వద్దాం. 313లో రోమన్ సామ్రాజ్యంలో క్రైస్తవానికి అనుమతి దొరికింది. కొన్ని దశాబ్దాలకు ఈ ఇంటివాళ్లు కూడా ఆ మతంలోకి వచ్చారు. సరిగ్గా ఆ లోతు గది పైన ఉన్న గదిని ప్రార్థన మందిరం చేసుకున్నారు. గోడ మీద స్తంభాల మధ్య ఆరుగురు మనుషులు చేతులు చాపి ప్రార్థిస్తున్నట్టు చిత్రాలు వేయించారు. క్రీస్తు పేరులోని మొదటి రెండు గ్రీకు అక్షరాలు కలిపిన గుర్తు కూడా గీయించారు. మరి కింద? కింద ఆ విగ్రహాల ముందు నైవేద్యాలు ఆగలేదు! పైన కొత్త దేవుడు, కింద పాత పెద్దలు, మధ్యలో ఒక్క చెక్క నేల. ఇంట్లో ముసలివాళ్లు పాత పద్ధతి వదలలేదేమో అనిపిస్తుంది. ఇది నా ఊహే. కానీ మతం మారడం అంటే ఒక్క రోజులో అయ్యే పని కాదని ఈ ఇంట్లో కళ్లారా కనిపిస్తుంది.

ముందు గదిలోకి వెళ్తే ఇంకో లోకం. రంగురాళ్ల ముక్కలు పేర్చిన మొజాయిక్ గచ్చు. ఎద్దు రూపంలో ఉన్న జూపిటర్ (రోమన్ దేవతల రాజు), యూరోపా అనే రాజకుమారిని వీపు మీద ఎక్కించుకుని సముద్రం దాటుతుంటాడు. పైన రెండు పంక్తుల లాటిన్ పద్యం: ఈ ఎద్దు ఈదడం అసూయాపరురాలైన జూనో చూసి ఉంటే, గాలిదేవుడి ఇంటికి వెళ్లడానికి ఆమెకు మరింత న్యాయమైన కారణం దొరికేది అని భావం. జూనో జూపిటర్ భార్య. వేరే కథలో తుఫాను రేపమని అడగడానికి ఆమె గాలిదేవుడి దగ్గరికి వెళ్తుంది. ఆ కథ తెలిసినవాళ్లకే ఈ చమత్కారం అందుతుంది. భోజనానికి వచ్చిన అతిథులు అది చదివి నవ్వుకునేవారన్నమాట. రోమ్‌కు అంత దూరంలో, పొలాల మధ్య ఇంట్లో ఇంత చదువు!

5వ శతాబ్దం మొదట్లో ఇల్లు కాలిపోయింది. విచిత్రం ఏమిటంటే, ఆ చిత్రాలు మనకు మిగలడానికి ఆ మంటలే కారణం. పై నేల కూలి, గోడల గచ్చు ముక్కలు ముక్కలై లోతు గదిలో పడి, మట్టి కింద భద్రంగా ఉండిపోయింది. వేల ముక్కలను ఓపికగా అతికించి ఆ ఆరుగురినీ మళ్లీ నిలబెట్టారు.

ఇల్లు, మొజాయిక్ గచ్చు లల్లింగ్‌స్టోన్‌లోనే, పైకప్పు కింద ఉన్నాయి. ఆ క్రైస్తవ చిత్రాలు మాత్రం లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. అక్కడికి వెళ్లే తెలుగువాళ్లం అందరం మన అమరావతి శిల్పాలు వెతుక్కుంటూ వెళ్తాం కదా. అవి తనివితీరా చూశాక, రోమన్ బ్రిటన్ గది ఎటు అని అడగండి. చేతులు చాపి నిలబడ్డ ఆ మనుషుల ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి.