స్లైమ్‌ను పైకి తోడి, నెత్తిన కుమ్మరించే యంత్రం: ఇంట్లోనే తయారు చేసే విధానం

నమస్కారం. తొట్టిలో ఉన్న స్లైమ్‌ను, అంటే జిగటగా సాగే చిక్కటి ద్రవాన్ని, పైనున్న బకెట్‌లోకి తోడి, ఆ బకెట్ నిండగానే దానంతటదే ఒరిగి కింద కూర్చున్నవారి నెత్తిన కుమ్మరించే యంత్రాన్ని ఈ వీడియోలో తయారు చేయబోతున్నాము. 1979లో కెనడాలోని ఒట్టావాలో మొదలైన ఒక పిల్లల టీవీ కార్యక్రమం ఈ సరదాకు పేరు తెచ్చింది. అందులో ఎవరైనా "నాకు తెలియదు" అంటే చాలు, పైనుంచి ఆకుపచ్చని స్లైమ్ వచ్చి పడేది.

పని మొదలుపెట్టే ముందు నా మొదటి ప్రయత్నం గురించి చెప్పాలి. ఎయిర్ కూలర్‌లో వాడే చిన్న నీటి మోటారును తొట్టిలో దించి స్విచ్ వేశాను. మోటారు తిరిగింది కానీ, స్లైమ్ పైపులో జానెడు ఎత్తు ఎక్కి అక్కడే ఆగిపోయింది. ఆ రకం మోటార్లు రెక్కలతో ద్రవాన్ని గిరగిర తిప్పి బయటకు విసురుతాయి. చిక్కటి స్లైమ్‌లో ఆ రెక్కలు ఉన్నచోటే సుడి తిప్పుతాయి తప్ప ముందుకు నెట్టలేవు. అందుకే మనం పెరిస్టాల్టిక్ పంపు చేస్తున్నాము. మెత్తని గొట్టాన్ని రోలర్లు నొక్కుకుంటూ పోతే, టూత్‌పేస్ట్ ట్యూబును పిండినట్టు లోపలి పదార్థం ముందుకు కదులుతుంది. స్లైమ్ గొట్టాన్ని తప్ప పంపులోని ఏ భాగాన్నీ తాకదు కాబట్టి శుభ్రం చేయడం కూడా సులువు.

ముందుగా స్లైమ్ కలుపుదాము. ఏ స్లైమ్ పడితే అది ఈ యంత్రంలో నడవదు. మొక్కజొన్న పిండి చిక్కగా కలిపిన నీరు నెమ్మదిగా పోస్తే జారుతుంది, గట్టిగా నొక్కితే రాయిలా బిగుసుకుంటుంది. రోలరు కింద అది పడితే మోటారు ఆగిపోతుంది. జిగురులో వెలిగారం కలిపి చేసే స్లైమ్ ముద్దలుగా తెగిపోతుంది, పైగా వెలిగారాన్ని పిల్లల ముఖం మీద పోయడం నాకు సమ్మతం కాదు. నేను వాడేది గ్వార్ గమ్, అంటే మన గోరుచిక్కుడు గింజల నుంచి తీసే పొడి. తెలంగాణలో గోకరకాయ అంటారే, అదే కాయ. లీటరు నీటికి 8 గ్రాముల చొప్పున 10 లీటర్లకు 80 గ్రాములు సరిపోతుంది. పొడిని నేరుగా నీటిలో వేస్తే ఉండలు కడుతుంది కాబట్టి, ముందు కొద్దిగా గ్లిజరిన్‌లో తడిపి, ఆపైన నీటిలో పోస్తూ కవ్వంతో చిలకండి. తినే రంగు కలిపి గంటసేపు వదిలేస్తే, గరిటె ఎత్తినప్పుడు తీగలా సాగే స్లైమ్ తయారవుతుంది. ఇది ఒకటి రెండు రోజుల్లో పులిసిపోతుంది, కాబట్టి ఏ రోజుది ఆ రోజే కలుపుకోండి.

ఇప్పుడు పంపు. దీనికి పాత కార్ల విడిభాగాల దుకాణంలో దొరికే 12 వోల్టుల వైపర్ మోటారు కావాలి. లోపల గేర్లు ఉండడం వల్ల ఇది నిదానంగా, నిమిషానికి 45 చుట్లకు అటూ ఇటూగా, మంచి బలంతో తిరుగుతుంది. లోపలి వ్యాసం 12 మి.మీ., బయటి వ్యాసం 18 మి.మీ. ఉన్న సిలికాన్ గొట్టం తీసుకోండి. రోలర్లుగా స్కేటింగ్ చక్రాల్లో ఉండే 608 బేరింగులు వాడుతున్నాము. ఒక్కో బేరింగు వెడల్పు 7 మి.మీ. మాత్రమే, కానీ ఈ గొట్టం నలిగినప్పుడు 27 మి.మీ. వరకు పరుచుకుంటుంది. అందుకే ఒక్కో 8 మి.మీ. బోల్టుకు నాలుగేసి బేరింగులు పక్కపక్కనే ఎక్కించాలి. మూడు రోలర్లకు మొత్తం పన్నెండు బేరింగులు పడతాయి.

ప్లైవుడ్‌లో 62 మి.మీ. వ్యాసార్థంతో రెండు చక్రాలు కోసి, కేంద్రం నుంచి 54 మి.మీ. దూరంలో, 120 డిగ్రీలకు ఒకటి చొప్పున ఈ మూడు బోల్టులనూ ఆ రెండింటి మధ్య బిగించండి. ఈ చక్రాల కేంద్రాన్ని వైపర్ మోటారు ఇరుసుకు బిగిస్తే, రోలర్లు దానితోపాటు తిరుగుతాయి. గొట్టం ఆనుకునే గోడను మరో మందమైన చెక్కలో 70 మి.మీ. వ్యాసార్థంతో అర్ధవృత్తంగా కోయాలి. లెక్క చూడండి: 54కు బేరింగు వ్యాసార్థం 11 కలిపితే 65, గోడకూ రోలరుకూ మధ్య మిగిలేది 5 మి.మీ. గొట్టం రెండు గోడల మందం 6 మి.మీ. కాబట్టి అది పూర్తిగా మూసుకొని, మరొక్క మి.మీ. నలుగుతుంది. ఈ ఖాళీ 6 మి.మీ. దాటితే స్లైమ్ వెనక్కి జారుతుంది, 4కు తగ్గితే గొట్టం చిరిగిపోతుంది. అందువల్ల గోడ చెక్కకు బోల్టు రంధ్రాలను గుండ్రంగా కాకుండా పొడవుగా కోసుకుంటే, తరువాత ముందుకూ వెనక్కూ జరిపి సరిచూసుకోవచ్చు.

పైపుల విషయంలో చాలామంది పొరపడతారు. చిక్కటి ద్రవం పైపులో పారే వేగం వ్యాసం మీద విపరీతంగా ఆధారపడుతుంది. వ్యాసం సగమైతే, అదే ఒత్తిడికి పారే పరిమాణం పదహారో వంతుకు పడిపోతుంది. కాబట్టి పంపు దాటాక 12 మి.మీ. గొట్టాన్నే బకెట్ దాకా తీసుకెళ్లకండి. తాపీ మేస్త్రులు వాడే లెవెల్ పైపులాంటి పారదర్శకమైన పైపును 20 మి.మీ. సైజులో తీసుకొని క్లిప్పులతో బిగిస్తే, ఆ పైపులో రాపిడిని దాటడానికి కావలసిన ఒత్తిడి దాదాపు ఎనిమిదో వంతుకు తగ్గుతుంది. తొట్టిని పంపు కంటే ఎత్తులో పెట్టి, ఆ వైపు గొట్టాన్ని వీలైనంత పొట్టిగా ఉంచండి, ఎందుకంటే స్లైమ్‌ను నెట్టడం కంటే పీల్చడం కష్టం.

విద్యుత్తుకు 12 వోల్టుల, 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ, పాజిటివ్ తీగలో 10 ఆంపియర్ల ఫ్యూజు, ఒక స్విచ్ చాలు. తడి నేల మీద ఆడే ఆటకు ఇంటి కరెంటు వద్దు. చాలా వైపర్ మోటార్లలో నెగటివ్ బాడీకే కలిసి ఉంటుంది, దానిని పరీక్షించి చూసుకోండి.

ఇక బకెట్. దాదాపు 24 సెం.మీ. ఎత్తున్న ఖాళీ పెయింట్ బకెట్ తీసుకొని, అడుగు నుంచి 10 సెం.మీ. ఎత్తులో రెండు పక్కలా ఎదురెదురుగా రంధ్రాలు చేసి, వాటిలోంచి ఇరుసు దూర్చండి. రంధ్రాల చుట్టూ రబ్బరు వాషర్లు వేసి లీకు లేకుండా బిగించాలి. బకెట్ అడుగున కొంత బరువు అంటించాలి. అప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు మొత్తం బరువు ఇరుసుకు కింద ఉంటుంది కాబట్టి బకెట్ నిటారుగా నిలుస్తుంది. స్లైమ్ మట్టం పెరిగేకొద్దీ గరిమనాభి, అంటే మొత్తం బరువు కేంద్రీకరించినట్టుండే బిందువు, కూడా పైకి జరుగుతూ ఒక దశలో ఇరుసును దాటుతుంది. అప్పుడిక బకెట్ నిలవలేక తిరగబడుతుంది. వెనక్కి ఒరగకుండా ఒక చెక్కను, ముందుకు 135 డిగ్రీలు దాటకుండా మరో చెక్కను అడ్డం పెట్టండి.

అడుగున బరువు ఎంత ఉండాలన్నది నేను దెబ్బతిని నేర్చుకున్నాను. మొదట 100 గ్రాముల నట్లు అంటించాను. బకెట్ చక్కగా కుమ్మరించింది కానీ, అంచుకు అంటుకున్న స్లైమ్ బరువుకు తలకిందులుగానే ఉండిపోయింది. పంపు మాత్రం ఆగకుండా దాని వీపు మీద స్లైమ్ పోస్తూనే ఉంది. ఆ బరువును 300 గ్రాములకు పెంచాక, అంటుకున్నది కారేలోపే బకెట్ తిరిగి లేస్తోంది. ఈ కొలతలతో బకెట్‌లో నాలుగు లీటర్లు దాటగానే ఒరుగుతుంది. అంత నిండడానికి నా యంత్రానికి దాదాపు ఐదు నిమిషాలు పడుతోంది.

కింద కూర్చునేవారికి కళ్లజోడులా బిగిసే ఈత గాగుల్స్ పెట్టండి. కుర్చీ చుట్టూ నేల నూనె పోసినంతగా జారుతుంది, కాబట్టి పాత దుప్పటి పరిచి, చిన్నపిల్లలను అటు పరుగెత్తనివ్వకండి. ఇరుసు స్టాండు నుంచి ఊడిపోకుండా రెండు చివర్లా లాక్ నట్లు వేశారో లేదో ప్రతిసారీ చూడండి.

ఆట ముగిశాక తొట్టిలో మంచినీళ్లు పోసి పది నిమిషాలు పంపు నడపండి. మిగిలిన స్లైమ్‌ను బాగా పలుచన చేయకుండా సింకులో పోస్తే పైపు పూడుకుపోతుంది. చివరగా గోడ చెక్కను వదులు చేసి గొట్టాన్ని రోలర్ల కింద నుంచి తీసేయండి. అలాగే నొక్కి వదిలేస్తే వారం తిరిగేసరికి అక్కడ చప్పిడిగా మారి, మళ్లీ ఉబ్బదు.