కూలి పడగొట్టింది వలస వచ్చినవాడా?

అందరికీ నమస్కారం. పెద్దలందరి పేర్లూ చెప్పాలని ఉంది కానీ నాకిచ్చింది పది నిమిషాలే. మన్నించాలి.

"బయటివాళ్లొచ్చి మా కూలి రేట్లు పడగొట్టారు" అనే మాట వలస కూలీలు వెళ్లిన ప్రతిచోటా వినిపిస్తుంది. ఆర్థికవేత్తలు కూడా దీని మీద తగువు పడుతూనే ఉన్నారు. 1980లో క్యూబా నుంచి దాదాపు లక్షా పాతిక వేల మంది పడవల్లో అమెరికా చేరారు. మయామీలో పనివాళ్ల సంఖ్య కొన్ని నెలల్లోనే 7 శాతం పెరిగింది. అయినా అక్కడివాళ్ల జీతాలు తగ్గలేదని 1990లో డేవిడ్ కార్డ్ లెక్క తేల్చారు. హైస్కూలు దాటని వాళ్లకు బాగానే దెబ్బ తగిలిందని తర్వాత జార్జ్ బోర్హాస్ వాదించారు. వచ్చినవాడు పనికి పోటీ వస్తాడు, నిజమే. కానీ వాడూ తింటాడు, అద్దె కడతాడు, చెప్పులు కొంటాడు. ఆ ఖర్చు ఇంకొకరికి పని అవుతుంది.

ఇంకా చాలా పట్టికలు తెచ్చాను. వాటిని పక్కన పెడుతున్నాను. ఒక గోడ గురించి చెప్పాలి.

పాతికేళ్ల వయసులో నేను పరాయి దేశంలో ప్లాస్టరింగ్ పని చేశాను. ఒకే గోడ. ఎడమ సగం నాది, కుడి సగం అక్కడి మనిషిది. నా పాస్‌పోర్టు కాంట్రాక్టరు డ్రాయర్‌లో, తాళం వేసి ఉండేది. ఆ అక్కడి మనిషికి నచ్చకపోతే తాపీ కడుక్కుని పక్క సైటుకి పోవచ్చు. నేను పోలేను. ఒకరోజు అతను కూలి పెంచమన్నాడు. కాంట్రాక్టరు నా వైపు వేలు చూపించి, "వీడు నీకిచ్చే దాంట్లో సగానికే చేస్తున్నాడు" అన్నాడు. మర్నాటి నుంచి అతను నాతో మాట్లాడలేదు. ఆ బాధ ఈరోజుకీ పోలేదు.

అతని కూలి ఆపింది నేను కాదండీ, ఆ తాళం. ఇది నా ఒక్కడి మాట కాదు. 2011లో యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ నిబంధన మార్చి, కాంట్రాక్టు ముగిసిన వలస కార్మికుడు పాత యజమాని అనుమతి లేకుండానే ఇంకోచోట చేరవచ్చు అంది. అలా కాంట్రాక్టు ముగిసినవాళ్ల సంపాదన సుమారు 10 శాతం పెరిగిందని పరిశోధకులు చూపించారు. వాళ్లలో చాలామంది పాత యజమాని దగ్గరే ఉన్నారు కూడా! వెళ్లగలడని తెలిస్తే చాలు, యజమాని జీతం పెంచుతాడు.

మరి వాళ్లను పంపేస్తే? అమెరికా అదీ చేసింది. మెక్సికో నుంచి ఏటా పొలం పనికి వచ్చే లక్షలాది మందిని 1964 చివర్లో ఆపేసింది. దానివల్ల స్థానికుల కూలి పెరిగిన దాఖలా లేదు. టమాటా తోటల్లోకి కోత యంత్రాలు దిగాయి.

ఇక్కడ యూనియన్ నాయకులున్నారు, మిమ్మల్నే అడుగుతున్నాను. "ఎంతమంది వచ్చారు" అని లెక్కపెట్టే ముందు, వచ్చినవాళ్లలో పని మానేసి వెళ్లగలిగేవాళ్లు ఎంతమందో కనుక్కోండి. వాళ్లను సంఘంలో చేర్చుకోండి. సభ్యత్వ ఫారం వాళ్ల భాషలో అచ్చు వేయించండి. నేను పని చేసిన సైటులో మీటింగులు గేటు పక్కనే జరిగేవి. నన్ను ఒక్కసారీ పిలవలేదు. పిలిస్తే వెళ్లేవాణ్ని.