కళ్ళకు గంతలు కట్టి చూస్తే

శ్రోతలకు నమస్కారం.

"వాడి చూడండి, పోయేదేముంది?" ఈ మాట వినని మనిషి ఉండరు. మోకాలు నొప్పి అన్నా, తుమ్ములు ఆగడం లేదన్నా, కుక్క కుంటుతోందన్నా, పిల్లి ఒకటే గోక్కుంటోందన్నా, ఎవరో ఒకరు ఒక ఆకు పేరో సీసా పేరో చెప్పి చివర్లో ఈ మాట అంటారు. వాళ్ళు అబద్ధం చెప్పరు. వాళ్ళకు గుణం కనిపించింది కాబట్టే చెబుతారు. ఈ పూట నేను మాట్లాడేది ఆ 'గుణం కనిపించింది' గురించే. కనిపించింది, సరే. ఎవరి కంటికి?

దీని మీద నాకు బాగా ఇష్టమైన కథ ఒకటుంది. కథ అంటున్నాను గానీ జరిగిందే. నాకిచ్చిన పది నిమిషాల్లో సగం దానికే పోయినా పోనివ్వండి.

1784. పారిస్. మెస్మర్ అనే డాక్టరు వియన్నా నుంచి వచ్చి ఊరంతా తన గురించే మాట్లాడుకునేలా చేశాడు. కంటికి కనిపించని ద్రవం ఒకటి ఒంట్లో పారుతూ ఉంటుందని, దానికి అడ్డం పడితే జబ్బని, అడ్డు తీస్తే ఆరోగ్యమని ఆయన సిద్ధాంతం. ఆయన చేయి ఆడిస్తే రోగులు వణికేవారు, ఏడ్చేవారు, మూర్ఛపోయేవారు. తర్వాత లేచి హాయిగా ఉందనేవారు. ఆ రోజుల్లో మామూలు వైద్యం అంటే నరం కోసి రక్తం తీయడం, విరేచనాలు పట్టించడం. కాబట్టి నేనే అప్పుడు ఉండి ఉంటే మెస్మర్ గుమ్మం ముందే నిలబడేదాన్ని. అందులో సందేహం లేదు.

సంగతి తేల్చమని రాజు 16వ లూయీ ఒక కమిటీ వేశాడు. అందులో రసాయన శాస్త్రవేత్త లావోయిజర్ ఉన్నాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కూడా ఉన్నాడు, మెరుపులో ఉన్నది విద్యుత్తేనన్న ఆ ఫ్రాంక్లినే. అప్పటికి ఆయనకు 78 ఏళ్ళు, ఫ్రాన్స్‌లో అమెరికా రాయబారి. ఒంట్లో బాగాలేక ఎక్కడికీ కదల్లేకపోతున్నాడు. అందుకని కొన్ని పరీక్షలు పారిస్ పక్కనే పాసీలో ఆయన ఉంటున్న ఇంట్లోనే పెట్టారు. మెస్మర్ మాత్రం కమిటీ దగ్గరికి రాలేదు. ఆయన శిష్యుడు డెస్లాన్ వచ్చాడు.

మనుషులకే కాదు, చెట్టుకు కూడా ఆ కనిపించని ద్రవం శక్తి ఎక్కించవచ్చని, అలాంటి చెట్టును ముట్టుకున్నవాళ్ళకు తేడా తెలిసిపోతుందని డెస్లాన్ అన్నాడు. సరే, చూద్దామన్నారు. తోటలో ఒక ఆప్రికాట్ చెట్టును ఎంచుకుని దానికి శక్తి ఎక్కించాడు. పరీక్షకు 12 ఏళ్ళ కుర్రాణ్ణి కూడా తనే తెచ్చుకున్నాడు. శక్తి ఇట్టే పట్టే ఒళ్ళట ఆ పిల్లాడిది. అంటే చెట్టు ఆయనదే, పిల్లాడూ ఆయన తెచ్చినవాడే. కమిటీవాళ్ళు పెట్టింది ఒక్కటే: కళ్ళకు గంతలు.

పిల్లాణ్ణి అలా గంతలతో తోటలోకి నడిపించుకొచ్చారు. ఒక్కో చెట్టును రెండేసి నిమిషాలు కౌగిలించుకోమన్నారు. మొదటి చెట్టు దగ్గర నిమిషం గడిచేసరికి వాడికి చెమటలు పట్టాయి, దగ్గు వచ్చింది, కొంచెం తలనొప్పిగా ఉందన్నాడు. రెండో చెట్టు దగ్గర తల తిరుగుతోందన్నాడు. మూడో చెట్టు దగ్గర ఇంకా ఎక్కువైంది, అసలు చెట్టు దగ్గరికి వచ్చేస్తున్నట్టుందన్నాడు. నాలుగో చెట్టు దగ్గర కాళ్ళూ చేతులూ బిగుసుకుపోయి స్పృహ తప్పి పడిపోయాడు. ఎత్తుకెళ్ళి గడ్డి మీద పడుకోబెట్టారు.

శక్తి ఎక్కించిన చెట్టు అక్కడికి 24 అడుగుల దూరంలో ఉంది. దాని దగ్గరికి వాణ్ణి అసలు తీసుకెళ్ళనేలేదు.

డెస్లాన్ తగ్గలేదు. చెట్లన్నిటికీ సహజంగానే ఎంతో కొంత శక్తి ఉంటుందిలెండి అన్నాడు. అలాగైతే ఇలాంటి ఒళ్ళున్నవాళ్ళు ఏ తోటలోనూ పడిపోకుండా నడవలేరు కదా అని కమిటీ తన నివేదికలో రాసింది. నాకు ఆ వాక్యం చదివినప్పుడల్లా నవ్వొస్తుంది.

పిల్లాడి మీద మాత్రం నవ్వు రాదు. వాడు నటించాడని నేను అనుకోను. కావాలని పట్టించుకుంటే పట్టేది కాదు చెమట. వాడికి జరిగింది నిజం, కారణం మాత్రం చెట్టు కాదు. ఈ రెండూ కలిపి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తాయి.

మనలో కూడా ఆ కుర్రాడున్నాడు. 2011లో ఆస్తమా రోగుల మీద జరిగిన పరీక్ష ఒకటి క్లుప్తంగా చెబుతాను. ఒకసారి అసలు ఇన్‌హేలర్, ఒకసారి మందు లేని ఉత్త ఇన్‌హేలర్, ఒకసారి సూది గుచ్చినట్టు చేసే ఉత్తుత్తి ఆక్యుపంక్చర్, ఒకసారి ఏమీ లేదు. ఎలా ఉందని అడిగితే మొదటి మూడింటికీ రోగులు దాదాపు ఒకటే చెప్పారు, సగానికి సగం నయంగా ఉందని. ఊపిరిని మిషన్‌తో కొలిస్తే అసలు మందుతో 20 శాతం మెరుగైంది, మిగతా మూడింటితోనూ 7 శాతమే. హాయిగా అనిపించడం వేరు, ఊపిరితిత్తులు తెరుచుకోవడం వేరు. హాయిగా అనిపించడాన్ని నేను తీసిపారేయడం లేదు. నొప్పి, వికారం, నిద్రపట్టకపోవడం, ఇలాంటివాటిలో మనిషికి కావలసింది చాలావరకు అదే. మనవాళ్ళు హస్తవాసి అంటారే, అందులో కొంత భాగం ఇదే అయి ఉంటుంది. ఆస్తమాలో మాత్రం హాయిగా ఉందనుకుని అసలు మందు పక్కన పెడితే ప్రాణం మీదికొస్తుంది.

ఇక్కడ నాకో మాట ఎదురవుతుంది. "మనుషులంటే నమ్మకం అనుకుందాం, కుక్కకేం నమ్మకమండీ? దానికి తగ్గిందంటే మందు పనిచేసినట్టే కదా?" వినడానికి బాగుంటుంది. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

కుక్కకు తగ్గిందని చెప్పింది ఎవరు? కుక్క చెప్పలేదు. మనం చెప్పాం.

కీళ్ళవాతంతో కుంటే కుక్కల మీద 2012లో అచ్చయిన పరిశోధన ఉంది. ఒక మందు పరీక్షలో భాగంగా ఉత్తుత్తి మందు అందిన 58 కుక్కలను చూశారు. నేలలో అమర్చిన పలక మీద కుక్కను నడిపిస్తే ఏ కాలి మీద ఎంత బరువు మోపుతోందో అది కొలుస్తుంది. పలకకు కుక్క మీద ప్రేమ ఉండదు. పెంచుకునేవాళ్ళకు ఉంటుంది. అందుకే కాలు ఏమీ మెరుగుపడకపోయినా, సగానికి పైగా సందర్భాల్లో వాళ్ళ అంచనా ఆశవైపే మొగ్గింది. పశువైద్యులు కూడా తప్పించుకోలేదు, నూటికి 40 సార్లు అటూ ఇటూగా వాళ్ళదీ అదే దారి. కుక్కకు నమ్మకం లేకపోతేనేం, గంతలు కట్టాల్సింది మన కళ్ళకు.

దీనికి తోడు కీళ్ళనొప్పులు ఎప్పుడూ ఒకేలా ఉండవు, ఒక వారం ఎక్కువ, ఒక వారం తక్కువ. మనం కొత్త మందు కోసం పరుగెత్తేది ఎప్పుడు? బాగా ఎక్కువైనప్పుడు. ఆ తర్వాతి వారం ఎలాగూ కొంత తగ్గుతుంది, పేరేమో సీసాకు వస్తుంది.

అలాగని ఆకులో ఏముందని కొట్టిపారేసేవాళ్ళ పక్షం కూడా కాదు నేను. మలేరియాను లొంగదీసే ఆర్టెమిసినిన్ ఒక మొక్కలోంచే వచ్చింది. చైనాలో తు యూయూ అనే శాస్త్రవేత్త పాత వైద్య గ్రంథాలు తిరగేసి, ఆ మొక్కను మరిగించకుండా చల్లగా పిండాలన్న సూచన ఒకదాంట్లో పట్టుకుంది. 2015లో నోబెల్ వచ్చింది ఆమెకు. కానీ ఆమె గ్రంథంలో ఉంది కదా అని ఊరుకోలేదు, పరీక్షించింది. హోమియోలో 30సీ అని రాసిన మందు సంగతి వేరు. నూరింటికి ఒక వంతు చొప్పున ముప్పైసార్లు పలుచన చేశాక అందులో మొదటి పదార్థం అణువైనా మిగిలే లెక్క లేదు. వాడి బాగున్నామనేవాళ్ళను నేను కాదనను. వాళ్ళు చెబుతుంటే నాకు నాలుగో చెట్టు గుర్తొస్తుంది, అంతే.

"పోయేదేముంది" అన్నదానికి కూడా ఒక మాట. పనిచేసే ఆకుకు చెడు చేసే శక్తి కూడా ఉంటుంది. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక దిగులుకు వాడతారు, గర్భనిరోధక మాత్రల బలాన్ని అది తగ్గించేస్తుంది. చర్మానికి మంచిదని చిక్కటి టీ ట్రీ ఆయిల్ పిల్లికి రాస్తే వణుకుతుంది, తూలుతుంది. పిల్లి ఒంటిని నాక్కుంటుంది, పైగా మన కాలేయం విరగ్గొట్టినట్టు దాని కాలేయం ఇలాంటివాటిని విరగ్గొట్టలేదు.

మరేం చేయాలి? నాకు తెలిసిన పని ఒక్కటే, చిన్నది. మందు మొదలుపెట్టే ముందే ఫోన్‌తో వీడియో తీయండి. ముందే. మొదలుపెట్టాక తీస్తే లాభం లేదు.

మా ఇంట్లో 13 ఏళ్ళ కుక్క ఉంది, బ్రౌనీ. వెనక కాలు కుంటడం మొదలైతే ఎవరో చెప్పిన మూలికల నూనె రాశాను. నాకైతే వారానికే గుణం కనిపించింది, ఇంట్లోవాళ్ళకు కూడా అదే చెప్పి ఒప్పించాను. మా అమ్మాయి మాత్రం మొదటి రోజు నుంచీ అదే మెట్లు, అదే సాయంత్రం పూట, వారానికొకటి చొప్పున నాలుగు వీడియోలు తీసింది. ఒకరోజు వాటిని తారుమారు చేసి, తేదీలు కనపడకుండా నా ముందు పెట్టింది. "అమ్మా, ఇందులో ఏది ముందుదో ఏది తర్వాతదో వరసగా చెప్పు" అంది. నేను అద్దాలు పెట్టుకుని, రెండేసిసార్లు చూసి, ధీమాగానే చెప్పాను. అన్నిటికన్నా బాగా నడుస్తోంది, ఇదే చివరిది అని నేను చూపించిన వీడియో నూనె సీసా మూత తీయకముందు తీసినది.

మర్నాడు ఆ నాలుగూ పశువైద్యుడికి చూపించాం. ఆయన నొప్పికి మాత్రలు రాశారు, బరువు తగ్గించమన్నారు. నూనె సంగతి అడిగితే సీసా మీద రాసింది మొత్తం చదివి, ఇందులో హాని చేసేదేం లేదు, నాకనివ్వకండి చాలు అన్నారు. సాయంత్రం పూట ఇప్పటికీ రాస్తున్నాను. బ్రౌనీ ఒళ్ళు అప్పగించి, కళ్ళు మూసుకుని పడుకుంటుంది. వీడియోలు మాత్రం మా అమ్మాయే తీస్తోంది, నన్ను తియ్యనివ్వడం లేదు.

సెలవు. నమస్కారం.