బ్యాచ్‌కి నలుగురు, పని ఒకడిది

వేదిక మీది పెద్దలకి, అధ్యాపక మిత్రులకి నమస్కారం. శాలువాలు కప్పుకోవడంలోనే సగం టైం అయిపోయింది కాబట్టి నేరుగా విషయానికి వస్తాను.

సమస్య చేతికిచ్చి నలుగురినీ కలిసి నేర్చుకోమనడం కొత్తేమీ కాదు. 1969లో కెనడాలోని మెక్‌మాస్టర్ మెడికల్ స్కూల్ ఇలాగే మొదలైంది. డెన్మార్క్‌లో 1974లో పుట్టిన ఆల్బోర్గ్ యూనివర్సిటీ ఇంజినీరింగ్‌లోనూ ఇదే పద్ధతి పెట్టింది. అక్కడ సెమిస్టర్‌లో దాదాపు సగం ప్రాజెక్టే. మన దగ్గరా ప్రాజెక్టు ఉంది. అమీర్‌పేటలో డబ్బు కడితే కోడు, రిపోర్టు, పీపీటీ, వైవా జవాబులతో సహా చేతికిస్తారు. నవ్వకండి, సంతకాలు పెట్టేది మనమే!

నేను పనిచేసిన ఒక కాలేజీలో హాస్టల్ నీళ్ళ మోటారు మాటిమాటికీ కాలిపోయేది. దాన్నే ప్రాజెక్టుగా ఇచ్చాను. మూడు బ్రాంచిల పిల్లల్ని కలపడానికి రూల్స్ ఒప్పుకోవన్నారు, ఎలాగో ఒప్పించాను. ఎలక్ట్రికల్ కుర్రాడు స్టార్టర్ విప్పాడు. కరెంటు ఎక్కువైతే మోటారుని ఆపేసే ఓవర్‌లోడ్ రిలే అందులో ఉంటుంది. తరచూ ట్రిప్ అవుతోందని, అంటే ఆపేస్తోందని, దాని సెట్టింగ్‌ని ఎవరో పైకి తిప్పేశారు. ఎందుకు ట్రిప్ అవుతోంది? సాయంత్రం వోల్టేజ్ పడిపోతోంది, మోటారు ఎక్కువ కరెంటు లాగుతోంది. కొత్త స్టెబిలైజర్ కొనాలన్నాడు మెకానికల్ వాడు. ఇద్దరికీ పెద్ద గొడవ. ఈలోగా సివిల్ అమ్మాయి ట్యాంకు కొలిచి, వాడకం లెక్కేసి, మధ్యాహ్నం వోల్టేజ్ బాగున్నప్పుడే నింపుకుంటే రాత్రికీ సరిపోతుందంది. పైసా ఖర్చు లేదు!

వైవాకి బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్, అదే ఎక్స్‌టర్నల్, అడిగిన మొదటి ప్రశ్న: బేస్ పేపర్, అంటే ప్రాజెక్టుకి ఆధారమైన పరిశోధన వ్యాసం, ఏది? లేదన్నారు. అత్తెసరు మార్కులు వేశాడు. తర్వాతి బ్యాచ్ కొనుక్కొచ్చిన ఫేస్ రికగ్నిషన్ చూపించి క్లాస్ ఫస్ట్ కొట్టింది. ఆ మంట నాకు ఇంకా చల్లారలేదు.

ఏం చెప్తున్నాను? ఆ, మార్కులు. గ్రూపు పనికి ఎవరికెన్ని మార్కులన్న తగాదా డెన్మార్క్‌లోనూ వచ్చింది. 2006లో ప్రభుత్వం గ్రూపు పరీక్షలు రద్దు చేసింది, కొన్నేళ్ళకి మళ్ళీ ఒప్పుకుంది. ఆల్బోర్గ్‌లో గ్రూపంతా కలిసి కూర్చుని జవాబులు చెప్తుంది, మార్కులు మాత్రం ఎవరివి వాళ్ళకే.

ఇక్కడ ఎక్స్‌టర్నల్‌గా వెళ్ళేవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, చాలామందే ఉన్నారు! ఈసారి బేస్ పేపర్ అడగొద్దు. రిపోర్టు మూసేసి, "ఈ అమ్మాయి ఏం చేసింది? ఎందుకలా చేసింది?" అని పక్కవాణ్ణి అడగండి. తర్వాత ఆ అమ్మాయిని పక్కవాడి పని అడగండి. ఆ రెండు జవాబులూ విన్నాకే మార్కులు వేయండి.